ఉపశమన వైద్యము: బోధ యెవరికి?

ఉపశమన వైద్యమును గూర్చి ప్రజలలో తెలివిడి కలిగింపవలెనని ప్రభుత్వములు కొన్ని యేండ్లుగా చెప్పుచున్నవి. ఏటేట అక్టోబరు మాసపు రెండవ శనివారమున ఇందుకై ప్రపంచమంతట నొక దినము జరుపబడుచున్నది. ఆ దినమున సభలు జరుగును, గోడపత్రికలు వెలయును, ఉపన్యాసములు వినబడును. ఇది మంచిదే, కాదనువారము మేము కాము. అయినను మేమడుగునది యొకటి కలదు. ఈ బోధ యెవరికి? బోధను దాపునగల పల్లెలో నోటి రాచపుండుతో రేయెల్ల మూలుగు కూలివానికి బాధ యననేమో యెవరును నేర్పనక్కరలేదు. ప్రక్కను కూర్చుండి విసరు నాతని భార్యకును నేర్పనక్కరలేదు. ఆ బాధకు మందు కలదనియు, అది చౌకయనియు, దానిని వ్రాసి యిచ్చుట నేరము కాదనియు తెలియవలసినవారు వేరే యున్నారు. వారు వైద్యులు, ఔషధశాలల యధికారులు, కచేరీలలో దస్త్రములు త్రిప్పువారు. బోధ మొదట నచ్చట జరుగవలెను.

వైద్యులు పాలియేటివ్ కేర్ అని పిలుచు నీ యుపశమన వైద్యము చావునకు సిద్ధపరచు తంతు కాదు. వ్యాధి మానినను మానకున్నను, రోగి నొప్పిని, ఆయాసమును, పుండ్లను, భయమును తగ్గించుటయు, అతనిని మోయు కుటుంబమునకు చేయూత నిచ్చుటయు దీని పని. ఇది రాచపుండునకు మాత్రమే కాదు. పక్షవాతమున పడినవారికి, మూత్రపిండములు చెడినవారికి, గుండెయు ఊపిరితిత్తులును క్షీణించినవారికి, మంచము పట్టిన వృద్ధులకు నందరికి వలయునది. ప్రపంచమున ఏటేట 5 కోట్ల 68 లక్షల మందికి దీని యక్కర కలదనియు, వారిలో నూటికి సుమారు 14 మందికి మాత్రమే యిది లభించుచున్నదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

తీవ్రమైన నొప్పికి ప్రధానౌషధము మార్ఫిను. ఇది నల్లమందునుండి తీయబడును. మధ్యప్రదేశములో, రాజస్థానములో, ఉత్తరప్రదేశములో ప్రభుత్వపు లైసెన్సుతో రైతులు గసగసాల పైరు వేయుచున్నారు. నీముచ్‌లోను ఘాజీపురములోను ప్రభుత్వమువారి నల్లమందు కర్మాగారములు కలవు. పంట మనది, కర్మాగారము మనది, నొప్పియు మనది. మందు మాత్రము మనకు అందదు! 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము దొంగవ్యాపారిని పట్టబోయి రోగిని పట్టినది. ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క రీతిగా పలు లైసెన్సులు కావలసి వచ్చెను. ఏ చిన్న పొరపాటునకు చెరసాల ప్రాప్తించునో యను భయముచేత ఆసుపత్రులు ఆ మందు నుంచుటయే మానివేసెను. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఒక్క యనుమతితో మార్ఫిను ఉంచుకొను వీలు కల్పించినది. చట్టము మారినది, కాని భయము చట్టముతో పాటు మారలేదు. నోటి ద్వారా తగిన మోతాదులో ఇచ్చు మార్ఫిను రోగి ప్రాణము తీయునది కాదు, నొప్పి యున్నవానిని వ్యసనపరునిగా చేయుటయు అరుదు. ఈ రెండు మాటలు తెలియని వైద్యుడు, మందు బీరువాలో నున్నను, రోగికి లేదనియే చెప్పును.

ఇక చదువు మాట. కేంద్రప్రభుత్వము 2012లో ఉపశమన వైద్యమునకు జాతీయ కార్యక్రమమును ప్రకటించినది. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము దీనిని ప్రాథమిక వైద్యములో చేర్చినది. 2019లో వైద్యవిద్యార్థుల పాఠ్యక్రమములో దీనికి చోటు దొరకినది. నిజామాబాదున ప్రభుత్వ వైద్యకళాశాల 2013లోనే వెలసినది గదా! రేపటి వైద్యునికి పాఠము కలదు, మేలు. కాని నేడు ఆసుపత్రులలో కూర్చున్నవారిలో పెక్కుమంది అంతకు ముందు చదివినవారు. వారికెవరు నేర్పుదురు? గోడపత్రిక నేర్పదు. ఒక పూట ఉపన్యాసము నేర్పదు. రోగి మంచము చెంత నిలిచి, మోతాదు నిర్ణయించి, మరునాడు మరల వచ్చి చూచినపుడే యీ విద్య వచ్చును.

మన ప్రాంతమునకు దీని యక్కర యెట్టిదో చూడుడు. ఈ జిల్లా బీడీల జిల్లా. వేలకొలది స్త్రీలు పొగాకు దుమ్ము పీల్చుచు బీడీలు చుట్టుచున్నారు. ఆ బీడీలు కాల్చువారు నోటను, గొంతున, ఊపిరితిత్తులలో దాని ఫలము ననుభవించుచున్నారు. 1937లో స్థాపితమై యొకనాడు ఆసియాఖండమున పేరుగాంచిన బోధను చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. గల్ఫునకు వలస ఈ సీమకు కొత్త కాదు. కొడుకు దుబాయిలో, కోడలు బీడీల చేటముందు, తల్లి మంచములో: ఇదియే పెక్కిండ్ల చిత్రము. "మనకు కుటుంబములు కలవు, ఈ పరదేశపు టేర్పాటు లెందుకు?" అని కొందరు పెద్దమనుష్యులు సెలవిచ్చుచుందురు. ఏ కుటుంబమును గూర్చి వారు పలుకుచున్నారో ఆ కుటుంబము ఇచ్చట రెండు దేశములలో చీలియున్నది. కలిసియున్న కుటుంబమైనను పుండు కడుగుట, ఒత్తిడి పుండ్లు రాకుండ రోగిని త్రిప్పుట పుట్టుకతో నేర్చునా? నేర్పువారు కావలెను.

"బ్రతుకువానికే చాలని డబ్బు మరణించువానికేల?" యని మరికొందరందురు. లెక్క తారుమారైనది. మార్ఫిను చౌక, నర్సు రాక చౌక. ఖరీదైనది మరొకటి. ఉపశమనము తెలియక, రోగిని ఖలీల్‌వాడీ వైద్యశాలల చుట్టు త్రిప్పి, అచ్చటినుండి 175 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదునకు కొనిపోయి, పొలము కుదువబెట్టి, ఫలములేని చికిత్సలకు ధారవోయుట ఖరీదైనది. రోగి పోవును, అప్పు మిగులును. ఉపశమన వైద్యము కుటుంబమును కూడ బ్రతికించు వైద్యము.

ఇది కాని పని యనువారు దూరము పోనక్కరలేదు; డిచ్‌పల్లి చూడవలెను. 1915లో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు అచ్చట కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించినపుడు ఆ వ్యాధికి నమ్మదగిన మందు లేదు. ఊరు వెలివేసినవారికి మంచము, కట్టు, అన్నము, ఆదరము లభించెను. మాన్పలేని రోగిని విడువరాదను ధర్మము ఈ జిల్లాకు నూరేండ్లకు పైబడి తెలియును. మరియు కేరళము చూడవలెను. 1993లో కోళిక్కోడున డాక్టరు రాజగోపాలు మొదలగువారు చిన్నగా నారంభించిన పని ఊరూర వాలంటీర్ల యుద్యమమైనది; 2008లో ఆ ప్రభుత్వము దానిని తన విధానముగా ప్రకటించినది; నర్సులు ఇండ్లకు పోవుచున్నారు. మన రాష్ట్రమునను హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఈ వైద్యము నడచుచున్నది. జిల్లాలలో కేంద్రములు, ఇండ్లకు పోవు "ఆలన" వాహనములు బయలుదేరినవి. విత్తు కలదు, అది ప్రతి పల్లె చేరవలెను.

కావున ఏలినవారిని మేము మూడు ప్రశ్నలడుగుచున్నాము. నిజామాబాదు పెద్దాసుపత్రిలోను బోధను ఆసుపత్రిలోను నోటి ద్వారా ఇచ్చు మార్ఫిను ఏ దినమున పోయినను దొరకునా? దొరకునేని, దానిని వ్రాయుటకు శిక్షణ పొందిన వైద్యుని పేరు తలుపుమీద నేల వ్రాయరాదు? కొలువులో నున్న వైద్యులకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు రోగి చెంత శిక్షణ యే తేదీలోగా ముగియును? ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి పల్లెలకు నర్సు ఏ వారమున వచ్చునో పంచాయతీ కచేరీలలో ప్రకటింతురా? వీనికి జవాబు చెప్పిన పిదప ఎన్ని గోడపత్రికలైన అంటింపవచ్చును. మందులేని యూరిలో మందును గూర్చిన ప్రచారము, ఆకలిగొన్నవానికి వంటకముల పట్టిక చదివి వినిపించుట వంటిది.

పట్టణవాసులారా! మీపైనను భారము కలదు. వ్యాధి పేరు రోగికి చెప్పక దాచి, అతనిని తన యింటనే ఒంటరిని చేయు నలవాటు మానుడు. వారమునకొక గంట ఇరుగుపొరుగున మంచము పట్టినవారి చెంత కూర్చుండుడు. ఈ మూడు ప్రశ్నలను పఠనమందిరములలో చదివి వినిపించి, అర్జీలుగా వ్రాసి, జవాబు వచ్చువరకు పంపుచుండుడు. మరణమును ఆపుట ఏ ప్రభుత్వమునకును శక్యము కాదు. అరుపును ఆపుట శక్యమే. శక్యమైనది చేయని ప్రభుత్వమును ఊరకుండనిచ్చుట ప్రజల తప్పు.