మన జబ్బు కాగితానికి ధర కట్టేది ఎవరు?

పామిడిలో జబ్బు పెద్దదైతే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కవలసిందే. ఇటు అనంతపురం, బెంగళూరు, అటు కర్నూలు. కుట్టుమిషను మీద, తోపుడుబండి మీద, వాన నమ్ముకున్న కౌలు మీద బతికే మన కుటుంబాలు రోగితోపాటు అప్పును కూడా ఆ దారిన మోసుకుపోతాయి. తిరిగివచ్చేటప్పుడు చేతికి అందేది ఒకటి రెండు పేజీల డిశ్చార్జి సమ్మరీ. కేసు షీటు, ఆపరేషన్ వివరాలు, మందుల చార్టు ఆసుపత్రి అలమరలోనే ఉండిపోతాయి. వాటి నకలు అడిగిన నాడు కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు చెప్పే ధర జిరాక్సు అంగడి ధర కాదు. 'ఫైలు చార్జి' అంటారు, 'రికార్డు రూము ఫీజు' అంటారు. రసీదు అడిగితే మొహం చిట్లిస్తారు. దీనిని మేము ఫీజు అనలేము.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. భారత వైద్య మండలి 2002లో చేసిన నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటినుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గాని, రోగి అధికారమిచ్చిన సహాయకుడు గాని కోరితే 72 గంటలలో ఇవ్వాలి. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలు ఈ గడువును 5 పనిదినాలకు సాగదీశాయి. అవి ఆ నెలలోనే నిలిపివేతకు గురయ్యాయి కనుక 72 గంటల మాటే నేటికీ చెల్లుతుంది. అంతకు చాలా ముందే, 1996లో, రఘునాథ్ రహేజా కేసులో బొంబాయి హైకోర్టు ఒక సంగతి తేల్చింది: గోప్యత పేరు చెప్పి రోగికే అతని కాగితాలు నిరాకరించరాదు, నకళ్లకు అవసరమైన ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం కూడా జిరాక్సు ఖర్చు గురించే మాట్లాడుతుంది.

లోపం ఇక్కడే ఉంది. గడువుకు అంకె ఉంది, ధరకు లేదు. 'తగిన రుసుము' అన్న మాటను ఎవరికి అనుకూలంగా వారు కొలుచుకుంటున్నారు. అదే సర్కారీ ఆసుపత్రిలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే పేజీకి 2 రూపాయలు. నలభై పేజీల ఫైలుకు 80 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. ఒకే కాగితం, ఒకే సిరా, ఒకే యంత్రం. ప్రైవేటు గోడల మధ్యకు రాగానే దాని విలువ ఎందుకు పెరగాలి? రికార్డు గదికి, గుమాస్తాకు ఖర్చవుతుందని యాజమాన్యాలు అంటాయి. రికార్డు భద్రపరచడం వారి బాధ్యత; ఆ ఖర్చు మనం కట్టిన బిల్లులో ముందే చేరింది. ఐరోపా న్యాయస్థానం 2023 అక్టోబరులో రోగికి మొదటి నకలు ఉచితంగా ఇవ్వాలని తీర్పు చెప్పింది. మేము అంత దూరం కూడా అడగడం లేదు.

ఈ భారం అందరిదీ అయినా, మన ఇళ్లలో అది రెండింతలు. ఆధార్‌లో 'షేక్' ముందుంటుంది, కేసు షీటులో వెనక్కి పోతుంది. ఒకచోట 'బీ', ఇంకొకచోట 'బేగం'. ఈ తేడా బీమా క్లెయిము వెనక్కి తిరిగివచ్చిన తరువాత గాని తెలియదు. దిద్దించుకోవాలంటే ముందు ఆ కాగితం చూడాలి కదా! భర్త చనిపోయి ఇద్దత్‌లో ఉన్న స్త్రీ నాలుగు నెలల పది రోజులు కౌంటరు చుట్టూ ఎలా తిరుగుతుంది? కొడుకుకో తమ్మునికో అధికార పత్రం రాసిచ్చి పంపవచ్చునన్న సంగతి ఆమెకు చెప్పేవారు లేరు. ఇది మన సంఘాలు చేయవలసిన పని, చేయడం లేదు. నిరసన సభలకు దొరికే తీరిక ఒక అర్జీ రాసిపెట్టడానికి దొరకదా?

రాష్ట్ర ప్రభుత్వాన్ని మేము అడిగేది చిన్నది. ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు 2002 నుంచి రాష్ట్రానికి సొంత చట్టం ఉంది. దాని నిబంధనలలో నకలుకు పేజీ ధర ఇంతకు మించరాదని రూపాయలలో రాయాలి, సమాచార హక్కు ధరనే కొలతగా తీసుకోవాలి. ఆ ధర క్యాష్ కౌంటరు వద్ద తెలుగులోను, ఉర్దూలోను కనబడాలి.

ఆ ఉత్తర్వు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. 72 గంటలు దాటితే వైద్యునిపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు; చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు. పామిడి మసీదు కమిటీలు జుమా నమాజు తరువాత దరఖాస్తు నమూనాలు పంచితే చాలు. రోగి పేరు, ఇన్‌పేషెంటు నంబరు, చేరిన తేదీ, కావలసిన కాగితాల వివరం రాయాలి. రెండు ప్రతులు రాయాలి; రెండవదానిపై తేదీ, సమయం వేయించి ముద్ర కొట్టించుకోవాలి. నోటిమాటగా అడిగితే గడువు ఎప్పుడు మొదలైందో రేపు ఎవరూ ఒప్పుకోరు.