ఆడెటోళ్లకు అడుగు జాగ ఏది?

ఆట లేకుండా తెలంగాణ ఉద్యమం లేదు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరు తిరిగింది. గజ్జె కట్టినోళ్లు, డప్పు పట్టినోళ్లు ముందు నడిస్తే విద్యార్థులు, ఉద్యోగులు వెంట కదిలిండ్రు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సాంస్కృతిక సారథి కింద 550 మంది కళాకారులకు కొలువులు కూడా వచ్చినయి. మంచిదే. కానీ అది సర్కారు పథకాలను జనానికి చెప్పే కొలువు. తన ఆట తాను కట్టుకోవాలనుకునే పిల్లకు, పిల్లగానికి ఈ రాజధానిలో దినాం సాధన చేసుకునే జాగ ఏది? ఈ ప్రశ్న అడిగెటోళ్లు తక్కువ.

బల్కంపేటనే తీసుకుందాం. ఆషాఢంలో మంగళవారం నాడు ఎల్లమ్మ కల్యాణం. ఆ దినం సడకంతా ఆటనే. పోతరాజుల కొరడాలు, డప్పుల దరువు, శివసత్తుల పూనకం. బండ్లను పక్క తొవ్వలకు మళ్లిస్తరు. ఆట కోసం నగరం ఆగుతది. తెల్లారితే ఆ తొవ్వ మళ్ల బండ్లదే.

అక్కడి నుంచి కొంచెం నడిస్తే అమీర్‌పేట, మైత్రీవనం. అంతస్తుకో కోచింగ్ బోర్డు. కంప్యూటర్ నేర్చుకునేటోళ్లకు గది దొరుకుతది. పోటీ పరీక్షలకు చదివేటోళ్లకు కుర్చీ దొరుకుతది. మరి ఆడెటోళ్లకు? ఉండే గదిలోనే గజ్జె కడితే చప్పుడని కింది ఇంటోళ్లు కొట్లాటకు వస్తరు. బండల మీద, సిమెంటు మీద ఏండ్ల తరబడి ఎగిరితే మోకాళ్లు పోతయి. ఆటకు చెక్క నేల కావాలె, గాలి కావాలె, నడుమ స్తంభం లేని హాలు కావాలె. అసొంటి హాలుకు ఈ నడిబొడ్డున కిరాయి కట్టాలంటే సినిమా గుంపులో ఒకడిగా నిలబడి తెచ్చుకునే కూలి ఏ మూలకు సరిపోతది?

సమకాలీన నృత్యం అంటే పెద్దింటోళ్ల షోకు, పడమటి దిగుమతి అని కొందరు తీసిపారేస్తరు. మరి పేరిణి సంగతేంది? కాకతీయుల కాలంలో జాయపసేనాని రాసిన నృత్తరత్నావళిని, రామప్ప గుడి శిల్పాలను ముందర పెట్టుకొని నటరాజ రామకృష్ణ ఆ ఆటను మళ్ల నిలబెట్టిండు. 1985 శివరాత్రి నాడు రామప్పలో జనం ముందు ఆడించిండు. రాయి మీద భంగిమ ఉంటది. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు కాలు ఎట్ల పోవాలెనో రాయి చెప్పదు. ఆ నడకను బతికున్న మనిషే కట్టాలె. అంటే ఏడు వందల ఏండ్ల నాటిదని మనం గర్వపడే పేరిణి, ఇరవయ్యో శతాబ్దంలో కొత్తగా కట్టిన ఆట కూడా. 2011లో రామకృష్ణ కన్నుమూసిండు. పాతదాన్ని చదివి కొత్త అడుగు కట్టే ఆ పని ఇయ్యాల ఎవరు చెయ్యాలె? ఎక్కడ చెయ్యాలె?

సర్కారు వేదిక ఇస్తది. 1961 నుంచి రవీంద్రభారతి ఉన్నది. కానీ వేదిక అంటే ఒక్క సాయంత్రం. దాని వెనక నెలల సాధన ఉంటది. ఆ నెలల ఖర్చు ఎవరి పద్దులోనూ ఉండదు.

ఈ లోటును కొన్ని నగరాలు లాభం చూసుకోని సంస్థలతో పూడ్చుకున్నయి. బెంగళూరులో 1992లో పుట్టిన అట్టక్కలరి సమకాలీన నృత్యంలో శిక్షణ ఇచ్చింది, దేశదేశాల నర్తకులను పిలిచి ఉత్సవాలు జరిపింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1982 నుంచి డాన్సర్స్ గ్రూప్ అనే సంస్థ ఉన్నది. సొంతంగా సంస్థ పెట్టుకోలేని చిన్న నర్తకులకు వచ్చే విరాళాలను తన ఖాతాలో తీసుకొని, లెక్క రాసి, వాళ్ల పనికి అందిస్తది. న్యూయార్క్‌లో జడ్సన్ చర్చి 1962లో తన హాలును కుర్ర నర్తకులకు తెరిచింది. అక్కడి ప్రయోగాలు ప్రపంచ నృత్యం తొవ్వనే మార్చినయి. చర్చి పెట్టిన పెట్టుబడి ఏంది? ఒక నేల, ఒక తాళంచెవి.

మన దగ్గర కాదా? పంజగుట్ట పక్కన బంజారాహిల్స్‌లో 2010 నుంచి లామకాన్ నడుస్తున్నది. ఒక కుటుంబం తన ఇంటిని నాటకానికి, పాటకు, చర్చకు ఇచ్చింది. తలుపు తెరిస్తే జనం వస్తరని అది రుజువు చేసింది. కానీ అన్ని కళలకూ కలిపి ఒక్క ముంగిలి. దినాం నాలుగు గంటల సాధనకు అది సరిపోదు.

కాబట్టి నర్తకుల కోసం ఒక ఉమ్మడి సొసైటీ కావాలె. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే రిజిస్టర్ చెయ్యొచ్చు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టుమన్నది. ఆ జాబితాలో కళలు, సంస్కృతి కూడా ఉన్నయి. మన నగరంలో కంపెనీలకు కొదవ లేదు. అడిగే సంస్థ కావాలె, అడగనీకె లెక్కలు సక్కగ ఉండాలె. ఇక్కడనే ఉద్యోగ మిత్రుల అక్కెర. ఆడిట్ తెలిసినోళ్లు, ఫైలు నడిపినోళ్లు మీరే. నెలకు రెండు సాయంత్రాలు ఇవ్వలేరా?

జాగ సంగతి? సర్కారు బడులు సాయంత్రానికి ఖాళీ. కార్పొరేషన్ కమ్యూనిటీ హాళ్లు చాలా దినాలు తాళమేసి ఉంటయి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో, మూఢంలో ఫంక్షన్ హాళ్లు బోసిగ ఉంటయి. అమీర్‌పేట చుట్టూ ఒక్క హాలు ఇచ్చినా చాలు. రెండు మెట్రో దారులు కలిసే జాగ అది. మియాపూర్ పిల్ల, ఎల్బీనగర్ పిల్ల, నాగోల్ పిల్ల రాత్రి తొమ్మిదికి సాధన ముగించుకొని భయం లేకుండా ఇల్లు చేరొచ్చు.

ఒక్క హెచ్చరిక. ఆ సంస్థ ఒక గురువు జాగీరు కావొద్దు, ఇంగ్లిష్ వచ్చినోళ్ల క్లబ్బు కావొద్దు. డప్పు పిల్లగాడు, చిందు ఇంటి బిడ్డ, కృష్ణానగర్ సినిమా డాన్సర్, కూచిపూడి నేర్చిన అమ్మాయి ఒకే నేల మీద నిలబడాలె. ఏ గంట ఎవరికి ఇచ్చిండ్రో, ఏ రూపాయి ఎక్కడ పోయిందో గోడ మీద రాసి పెట్టాలె.

విద్యార్థులారా, మీ వార్డు ఆఫీసుకు పోయి ఖాళీ హాళ్ల జాబితా అడుగుండ్రి. ఇయ్యకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి. రాష్ట్రం కోసం ఆడించుకున్నప్పుడు వాళ్లు కావాలె, ఇప్పుడు ఒక గదికి కొరగారా? వచ్చే ఎల్లమ్మ కల్యాణం నాటికి ఒక్క హాలు తాళమన్న తెరిపించాలె.