సీసా అమ్మినోనికి లైసెన్సు, తాగినోనికి టీసీ

మన యూనివర్సిటీల హాస్టల్ నిబంధనలు ఏవి తీసి చూసినా మద్యం మీద ఒక్కటే మాట ఉంటది. తాగి వస్తే, గదిలో సీసా దొరికితే వెళ్లగొడుతం. అడ్మిషన్ నాడే తండ్రితోని, కొడుకుతోని ఆ కాగితం మీద సంతకం పెట్టించుకుంటరు. ఆ నిబంధన ఉండొద్దని మేం అనడం లేదు. అడిగేది ఒక్కటే. కొన్న పిల్లగానికి శిక్ష రాసిపెట్టిన కాగితంలో అమ్మిన దుకాణం పేరు ఎందుకు లేదు?

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1968 నాటి ఎక్సైజ్ చట్టమే తెలంగాణలో ఇప్పటికీ నడుస్తున్నది. దాని ప్రకారం 21 ఏండ్లు నిండనోళ్లకు మద్యం అమ్మడం నేరం. మన పోరడు ఇంటర్ పాసై డిగ్రీలో చేరేనాటికి 17, 18 ఏండ్లుంటయి. మూడేండ్ల చదువు ముగించి బయటికి వచ్చేనాటికి 20, 21. అంటే డిగ్రీ కాలేజీలో చదివే దాదాపు ప్రతి విద్యార్థికీ సీసా అమ్మడమే నేరం. తాగొచ్చిన పిల్లగాడు ఒక్కడు వార్డెన్‌కు దొరికిండంటే, చట్టాన్ని తుంగలో తొక్కిన దుకాణం ఒకటి ఎక్కడో ఉన్నట్టే లెక్క. పిల్లగాని మీద విచారణ కమిటీ కూర్చుంటది. తండ్రిని పిలిపిస్తరు. నోటీసు బోర్డు మీద పేరు పెడుతరు. దుకాణం మాత్రం తెల్లారి మళ్ల తెరుచుకుంటది.

ఇక దూరం సంగతి. బడికి, గుడికి 100 మీటర్ల అవతల దుకాణం పెట్టుకోవచ్చునని నిబంధన. 100 మీటర్లంటే క్లాసు ఎగ్గొట్టి నడిచినోనికి రెండు నిమిషాల తొవ్వ. అది కూడా లైసెన్సు ఉన్న దుకాణానికి. బెల్టు షాపుకు లైసెన్సు లేదు, దూరం లేదు, వయసు లేదు, వేళాపాళా లేదు. కిరాణం కొట్టులో ఉప్పు, పప్పు పక్కనే సీసా. ఊరందరికీ తెలిసిన ఈ ముచ్చట ఎక్సైజ్ శాఖకు ఒక్కదానికే తెలియదా?

ఆలేరునే తీసుకోండి. ఒక దిక్కు రైలు పట్టాలు, ఇంకో దిక్కు హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారి. ఇక్కడి పిల్లలు పొద్దున్నే రైలో బస్సో ఎక్కి కొందరు భువనగిరి, సికింద్రాబాద్ పోతరు, కొందరు జనగామ, వరంగల్ పోతరు. డిగ్రీ పట్టా నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీది. పీజీ అంటే ఉస్మానియా, లేకుంటే కాకతీయ. రోజూ ఇంటి నుంచి పోయివచ్చే ఈ పిల్లలకు హాస్టల్ నిబంధన ఏం కాపలా కాస్తది? వాళ్ల క్యాంపస్ అంటే బస్టాండు, స్టేషను, ఆ రోడ్డు. ఆ రోడ్డు మీదనన్నా కాపలా ఉన్నదా? రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండొద్దని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. 2017 మార్చిలో చిన్న ఊర్లకు దాన్ని 220 మీటర్లు చేసింది. అదే ఏడాది జూలైలో, మున్సిపాలిటీల లోపల ఆ నిషేధం వర్తించదని వివరణ వచ్చింది. ఆలేరు ఇప్పుడు మున్సిపాలిటీ. పట్టణమైనందుకు మనకు దక్కిన గౌరవం ఇదన్న మాట.

చదువుకూ సీసాకూ ఉన్న పగ ఈనాటిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారా మీద తిరగబడ్డరు. ఆ కొట్లాట ఎక్కడ పుట్టింది? రాత్రిబడిలో. అక్షరాలు దిద్దుకున్న తల్లులు మొదట చేసిన పని సారా దుకాణం మూయించడం. తెలంగాణ పల్లెల్లోనూ అంతకుముందే సారా కాంట్రాక్టర్ల మీద కొట్లాట నడిచింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బందయింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో చంద్రబాబు సర్కారు దాన్ని ఎత్తేసింది. అదే 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఒక చేత్తో దుకాణం తలుపు తెరిచి, ఇంకో చేత్తో విద్యార్థి మీద బెత్తం ఎత్తిన ఏడాది అది. ఆ రోజు పడ్డ తొవ్వలోనే ఇయ్యాల్టిదాకా నడుస్తున్నం.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తొవ్వ మారిందా? గుడుంబాను ఆపుతమనే పేరు మీద 2015లో చీప్ లిక్కర్ తేవాలని చూసిన్రు. ఆడోళ్లు రోడ్డెక్కితే వెనక్కి తగ్గిన్రు. 2023లో 2,620 దుకాణాలకు లాటరీ తీస్తే 1.31 లక్షల దరఖాస్తులు వచ్చినయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, దుకాణం రాకుంటే ఆ పైసలు తిరిగి ఇయ్యరు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరినయి. పార్టీ మారింది, ముఖ్యమంత్రి మారిండు, లాటరీ మారలేదు. 2025లో దరఖాస్తు ఫీజును 3 లక్షలు చేసిన్రు.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. అదే 2025 నవంబర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. బకాయిలు వేల కోట్లు. సర్కారు పైసలు రాక, ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తమని కాలేజీలు పట్టుకుంటే, నౌకరీకి పోవాల్సిన పిల్లలు ఇంట్ల కూర్చున్నరు. దుకాణం కోసం ఇచ్చే పైసలు ముందుగాల వస్తయి. చదువు కోసం ఇయ్యాల్సిన పైసలు ఏండ్ల తరబడి రావు. ఇట్లాంటి సర్కారు విద్యార్థికి క్రమశిక్షణ గురించి చెప్పొచ్చునా?

“వాళ్లేమన్న చిన్నపిల్లలా? 18 ఏండ్లకు ఓటు ఇచ్చినం గదా, తాగుడు వాళ్లిష్టం” అనే పెద్దమనుషులున్నరు. ఆ వాదనలో బలం లేకపోలేదు. వయసు 18కి తగ్గించాలని నమ్మేటోళ్లు అసెంబ్లీలో బిల్లు పెట్టి, తల్లుల ముందట నిలబడి చెప్పాలె. చట్టం పుస్తకంలో 21 రాసిపెట్టి, కౌంటర్ మీద ఎవనికైనా అమ్మనిచ్చి, తాగినంక పిల్లగాణ్ని పట్టుకోవడం స్వేచ్ఛా కాదు, క్రమశిక్షణా కాదు. వల పన్నడం.

“మన తెలంగాణలో కల్లు లేదా? అది సంస్కృతి కాదా?” అని ఇంకొందరు. కల్లును, గౌడన్నను ఈ లెక్కలోకి తేవొద్దు. చెట్టెక్కి కల్లు దించేటోడు పాణం పెట్టి బతుకుతున్నడు. దావత్‌లో, బోనాల్లో పెద్దల ముందట తాగే కల్లుకూ, పర్మిట్ రూంల చీకట్లో ఒంటరిగా దింపుకునే క్వార్టర్‌కూ పోలిక లేదు. ఇక కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మే ముఠాలున్నయి. వాళ్లు తాగేటోనికీ శత్రువులే, గౌడన్నకూ శత్రువులే.

“నిషేధం ఎక్కడా నిలవలేదు” అని మేధావుల మాట. సంపూర్ణ నిషేధం తెమ్మని మేం అడగడం లేదు. ఉన్న చట్టాన్ని ఉన్నట్టు నడపమంటున్నం. అది కూడా చేతకాదంటే చట్టం ఎందుకు, శాఖ ఎందుకు?

ఒక్క విషయంలో మాత్రం మెతకదనం పనికిరాదు. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థిని తాగిన సీనియర్లు కొట్టి చంపిన్రు. ఆ ఏడాదే యూజీసీ ర్యాగింగ్ మీద గట్టి నిబంధనలు తెచ్చింది. తాగి తోటి పిల్లల మీద పడేటోనికి, ఆడపిల్లలను ఏడిపించేటోనికి శిక్ష పడాల్సిందే. కానీ తప్పుబాట పట్టి మొదటిసారి దొరికిన పిల్లగాడూ వాడూ ఒక్కటి కాదు. తాళ్లెక్కే, మగ్గం నేసే, కూలికి పోయే ఇంటి నుంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన బిడ్డను హాస్టల్ నుంచి వెళ్లగొడితే వాని చదువు ఆడనే ఆగుతది. పైసలున్నోని కొడుకు బయట రూం తీసుకుంటడు. ఒకే నిబంధన ఒకనికి మందలింపు, ఇంకొకనికి ఉరితాడు.

మన పార్టీల సంగతి కూడా మాట్లాడుకోవాలె. అన్ని పార్టీలూ. 2022లో మునుగోడు ఉపఎన్నికలో మద్యం ఎట్ల పారిందో నల్లగొండ జిల్లా కండ్లారా చూసింది. ప్రచారానికి విద్యార్థులను బండ్ల మీద తోలుకపోయి, సాయంత్రం బిర్యానీ పొట్లం, సీసా చేతిలో పెట్టి పంపే నాయకుడే మర్నాడు కాలేజీ వార్షికోత్సవంలో యువత దారి తప్పుతున్నదని ఉపన్యాసం ఇస్తడు. 2009లో ఉద్యమానికి ముందు నిలబడింది యూనివర్సిటీ విద్యార్థి. ఆ తరాన్ని చూసి భయపడ్డ నాయకులకు సోయి లేని తరమే సుఖం.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఒకటి, మద్యం కేసులో విద్యార్థి దొరికిన ప్రతిసారి ఎక్కడ కొన్నడో నమోదు చేసి, యూనివర్సిటీ అధికారులే ఎక్సైజ్ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలె. రెండు, 21 ఏండ్లలోపు వాళ్లకు అమ్మిన దుకాణం లైసెన్సు రద్దు కావాలె. మూడు, కాలేజీలున్న ఊర్లలో బెల్టు షాపులు ముందుగాల మూయాలె. నాలుగు, మొదటిసారి దొరికినోనికి వెలివేత బదులు కౌన్సిలింగ్, వైద్యం అందాలె, హాస్టల్ సీటు పోవద్దు. ఐదు, ఈ కమిటీల్లో విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులుండాలె. 1980ల చివర ఆగిన విద్యార్థి సంఘాల ఎన్నికలు జరిపితేనే అది సాధ్యమైతది.

ఉద్యోగులారా, ఈ డిమాండ్లు అమలు చేయాల్సిన బల్లల దగ్గర కూర్చున్నది మీరే. విద్యార్థులారా, నిబంధనల పుస్తకం మీకు ఇచ్చిన్రు గదా, చట్టం పుస్తకం కూడా చేతపట్టండి. మీ కాలేజీ గేటు నుంచి దుకాణం గడపదాకా టేపు పెట్టి కొలవండి. ఆ లెక్క రాసుకొని కలెక్టర్ ఆఫీసుకు పోండి. దూబగుంట తల్లులు అక్షరాలు నేర్చిన కొత్తల్లోనే దుకాణం మూయించిన్రు. డిగ్రీలు చదువుతున్న మనకు ఎంతకాలం పట్టాలె?