గురువు వెళ్లిపోయిన మర్నాడు

వెనుకబడిన దేశాలలో కాన్సరు వైద్యం సంగతి వస్తే మన విద్యావంతులు రెండు పరిష్కారాలు చెబుతారు. ధనిక దేశాలు యంత్రాలు దానం చేయాలన్నది ఒకటి. మహానిపుణులు వచ్చి పాఠం చెప్పాలన్నది రెండవది. అసలు అడగవలసిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: ఆ దాతా, ఆ గురువూ వెళ్లిపోయిన మర్నాడు రోగి గతి ఏమిటి?

దీనికి ఉగాండా చరిత్ర సమాధానం చెబుతుంది. కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేసిన ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, ఆఫ్రికా పిల్లల దవడలలో పెరిగే ఒక కణితిని గురించి 1958లో వ్యాసం ప్రకటించాడు. ఆ వ్యాధికి ఆయన పేరే నిలిచింది. అది మందులకు లొంగుతుందని తరువాత తేలింది. 1967లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ, మకెరెరె విశ్వవిద్యాలయం కలిసి అక్కడ చికిత్సాకేంద్రం తెరిచాయి. అదే నేటి ఉగాండా కాన్సర్ ఇన్‌స్టిట్యూట్. జాన్ జీగ్లర్ అనే యువ అమెరికన్ వైద్యుడు దాని తొలి డైరెక్టరు.

అమెరికా కేవలం దయతో వచ్చిందని నమ్మేటంత అమాయకులం కానక్కరలేదు. ప్రపంచ కాన్సరు వైద్యానికంతకూ పనికివచ్చే జ్ఞానం ఆ పిల్లల వ్యాధిలో ఉన్నది. దానికోసమే వచ్చారు. ద్రోణుడు పాఠమైనా చెప్పకుండా బొటనవేలు పుచ్చుకొన్నాడు. పేదదేశాల నుంచి రక్తమూ, కణితి ముక్కలూ పట్టుకుపోయి, వ్యాసంలో స్థానిక వైద్యుడి పేరు ఎక్కడో మధ్యన ఇరికించి, దానినే శిక్షణ అనే ఘనులకు ఈనాటికీ కొదవ లేదు.

అయితే కంపాలాలో పాఠం కూడా జరిగింది. ఇదీ అమీన్ పాలనలో పరిస్థితులు విషమించి అమెరికన్లు వెళ్లిపోయారు. 1972లో బర్కిట్, జీగ్లర్ మొదలైనవారికి లాస్కర్ బహుమతి వచ్చింది. వార్డు మాత్రం చార్లెస్ ఒల్వెనీ అనే ఉగాండా వైద్యుడి చేతికి వచ్చింది. అమెరికన్ల పక్కన పనిచేసిన ఆయన వార్డు మూతపడనివ్వలేదు. పాఠం ఫలించిందనడానికి నా దృష్టిలో రుజువు బహుమతి కాదు, తెరిచి ఉన్న ఆ వార్డు తలుపు.

అట్లయితే ఒక మంచి శిష్యుడు దొరికితే చాలునా? చాలడు. ఒల్వెనీ కూడా దేశం విడిచిపోవలసి వచ్చింది. తరువాత ఎడ్వర్డ్ కటొంగోలె-ఎంబిద్దె ఏళ్లతరబడి ఆ బరువు మోశాడు. వ్యక్తుల త్యాగం మీద సంస్థలు నడవటం గొప్పగా చెప్పుకొనవలసిన విషయం కాదు. అది ప్రభుత్వానికి సిగ్గుచేటు. తరువాతి కాలంలో సియాటిల్ లోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రంతో కలిసి ఉగాండా వైద్యులకు శిక్షణ ఇప్పించారు. 2015లో కొత్త భవనమూ తెరిచారు.

మరుసటి ఏడే, 2016లో, దేశం మొత్తానికి ఉన్న ఒకే ఒక రేడియేషన్ యంత్రం బాగుచేయరాకుండా చెడిపోయింది. అది 1995 నాటిది. నేర్చిన వైద్యులు ఉన్నారు. వాళ్ల చేతిలో సాధనం లేదు. కొందరు రోగులను నైరోబీకి పంపారు. డబ్బున్నవాళ్లు భారతదేశానికి విమానమెక్కారు. ఇట్లాంటి ప్రయాణాలకు మన నగరాల కార్పొరేట్ ఆసుపత్రులు వైద్యపర్యాటకమని ముద్దుపేరు పెట్టుకొన్నాయి! డబ్బు లేనివాళ్లు ఇంటికి పోయారు. కొత్త యంత్రం లాంఛనంగా ప్రారంభమయ్యేసరికి 2018 వచ్చింది.

ఇది దైవఘటన కాదు. ఆ యంత్రంలోని కోబాల్టు శక్తి అయిదేళ్ల చిల్లరలో సగానికి పడిపోతుందని భౌతికశాస్త్రం చదివిన విద్యార్థి ఎవరైనా చెబుతాడు. కోబాల్టు మార్చాలి, మరమ్మతు చేయాలి, పాతబడితే కొత్త యంత్రం కొనాలి. వీటికి ఏటేటా బడ్జెట్టులో డబ్బు ఉండాలి. దాత ఫోటోలో ఈ ఖర్చు కనపడదు.

కనుక నిపుణుల బోధన వద్దని నేననను, కావాలి. కాని దానికి షరతులున్నాయి. ఏ జబ్బుకు ముందు చికిత్స చేయాలో, ఏది పరిశోధించాలో స్థానిక వైద్యులే నిర్ణయించాలి. డాక్టరుకే కాక నర్సుకూ, కణితి ముక్కను పరీక్షించేవారికీ, యంత్రం బాగుచేసేవారికీ శిక్షణ కావాలి. వారందరికీ ప్రభుత్వం శాశ్వత ఉద్యోగమూ, బతకదగిన జీతమూ ఇవ్వాలి. ఈ షరతులు లేని గురుత్వం యాత్రగా మిగులుతుంది.

మన దగ్గర ఏ ధర్మాసుపత్రిలోనైనా విదేశీ నిపుణుడికి పూలమాల వేసే సభ జరిగితే, విద్యార్థులు లేచి రెండు ప్రశ్నలు అడగాలి: ఆయన శిష్యులకు ఇక్కడ ఉద్యోగాలు మంజూరయ్యాయా? వచ్చే ఏడాది మందులకు డబ్బు కేటాయించారా? జవాబు రానంతవరకు చప్పట్లు కొట్టనక్కరలేదు.