పరికరం మన చేతిలో, భాష ఎవరి చేతిలో?

భాషాహక్కు అనగానే మనకు బడి, పాఠ్యపుస్తకం, పరీక్ష గుర్తుకు వస్తాయి. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చిన నాటి నుండి మన పోరాటం వాటి చుట్టూ తిరగడం సహజమే. అయితే భాషాహక్కు బడి గడప దగ్గర ఆగిపోదు. ఇంటి ముందు నిలిపిన కారులోనూ అది ఉంది. అక్కడ తెలుగును వదులుకుంటే, బడిలో గెలిచిన తెలుగు బ్రతుకులో ఓడిపోతుంది.

2013 ఏప్రిల్ నుండి మన దేశపు కొత్త కార్లకు ఓబీడీ-2 అనే స్వీయ తనిఖీ ఏర్పాటు తప్పనిసరి అయింది. స్టీరింగు క్రింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. చేతిలో ఇమిడే స్కానరును దానికి తగిలిస్తే, ఇంజను దీపం ఎందుకు వెలిగిందో సూచించే కోడు తెరపై కనబడుతుంది. కానీ బజారులో సాధారణంగా దొరికే స్కానర్లు ఆ వివరాన్ని ఇంగ్లీషులోనే చెబుతాయి. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే తిరుమంగళం కుటుంబానికి ఆ రెండూ అక్కరకు రావు. తమిళ సోదరునిదీ ఇదే గతి. కనుక ఇది తమిళంపై ఫిర్యాదు కాదు.

దీనివల్ల నష్టమేమిటి? పి0420 అనే కోడు వచ్చిందనుకోండి. కేటలిటిక్ కన్వర్టరు పనితనం ఉండవలసిన స్థాయికన్నా తగ్గినట్లు కనబడుతోందని మాత్రమే దాని అర్థం. పొగగొట్టంలో లీకు ఉన్నా, ఆక్సిజన్ సెన్సారు చెడినా ఆ కోడు రావచ్చు. చదివి గ్రహించలేనివాడు, "కన్వర్టరు మార్చాలి" అన్న మాటకు తలవంచి వేలకు వేలు చెల్లిస్తాడు.

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను, లోపం కనిపెట్టే సాధనాలను బయటి మెకానిక్కులకు అందనివ్వలేదన్నది వాటిపై ప్రధానమైన అభియోగం. జరిమానాపై అప్పీళ్లు నడిచాయి. కానీ ఆ ఉత్తర్వు లేవనెత్తిన న్యాయసూత్రం మనకు ముఖ్యం. సమాచారాన్ని తాళం వేసి దాచడం తప్పయితే, అర్థం కాని భాషలో అందించడం ఒప్పవుతుందా? తెలుసుకునే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా గుర్తించింది. తెలియని భాషలో ఆ హక్కుకు విలువేమిటి?

"యంత్రాల సంగతి తెలుగులో ఎలా కుదురుతుంది?" అని మనవారే పెదవి విరుస్తారు. గుఱ్ఱమే వాహనమైన కాలంలో మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని తెలుగులో రచించాడు. ఇదే మధురను ఏలిన విజయరంగ చొక్కనాథుడు తెలుగులో వచనం వ్రాశాడు. గుఱ్ఱానికి చాలిన భాష కారుకు చాలదా? ప్లగ్గు, కాయిలు, సిలిండరు అన్న మాటలను అలాగే ఉండనివ్వండి. కారణం, క్రమం, హెచ్చరిక తెలుగులో ఉంటే చాలు.

ఇదిగో, చూడండి: పి0301 అంటే మొదటి సిలిండరు సరిగా మండడం లేదని అర్థం. ప్రతి సిలిండరుకూ విడి కాయిలు ఉన్న పెట్రోలు కారులో, ఇంజను ఆపి చల్లారనిచ్చి, ఒకటవ, రెండవ సిలిండర్ల కాయిళ్లను మార్చి బిగించాలి. కోడును కాగితంపై వ్రాసుకొని, తరువాతనే చెరిపివేయాలి. కొంతదూరం నడిపాక పి0302 వస్తే లోపం కాయిలుదే. మళ్లీ పి0301 వస్తే ప్లగ్గునో ఇంజెక్టరునో చూడాలి. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల జోలికి మాత్రం ఇంట్లో పోరాదు. ఇందులో తెలుగుకు అందనిది ఏముంది?

కనుక మన కోరికలు మూడు. కార్ల కంపెనీలు ముఖ్యమైన కోడుల వివరాలను తెలుగులోనూ తమిళంలోనూ కారుతోపాటు ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇటువంటి చిన్న పుస్తకాలను అచ్చువేసి, రాష్ట్రేతర తెలుగువారికి పంపాలి. ఇక మనలో మెకానిక్ పని తెలిసినవారు తమకు తెలిసినది తెలుగులో వ్రాయాలి. తెలుగు లిపి రాని ఇళ్లలో చదివి వినిపించాలి. మనం ప్రవాసులం కాము, శతాబ్దాలుగా ఈ నేలవాళ్లం. జోలపాటకూ పెండ్లిపాటకూ మాత్రమే మిగిలిన భాషను పిల్లలు గౌరవిస్తారు కానీ వాడరు. వాడని భాషను ఏ చట్టమూ బ్రతికించలేదు.