బొమ్మ రైలు పట్టాల మీద అసలు ఇంజినీరింగ్

ప్లేస్‌మెంట్స్ సీజన్‌లో ఒకే బ్రాంచ్ వాళ్ల రెజ్యూమెలు పది పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, పర్సంటేజీ తప్ప మిగతాదంతా ఒకటే. అవే ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన అవే ఫైనలియర్ ప్రాజెక్టులు. హాబీల దగ్గర ‘పాటలు వినడం, క్రికెట్ చూడటం’. ‘ఇందులో నువ్వు సొంతంగా చేసిందేంటి?’ అని అడిగితే చాలామందికి నోట మాట రాదు. ఆ ప్రశ్నకు జవాబివ్వగల ఒక హాబీ గురించి మాట్లాడుకుందాం. అదే మోడల్ రైల్వే.

‘అది పిల్లలాటేగా’ అనుకోవద్దు. బాగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేల్‌లో అసలు రైలును 87వ వంతుకు కుదిస్తారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. స్టేషన్లు, సిగ్నళ్లు, పట్టాలు మార్చే పాయింట్లు, వంతెనలు అన్నీ చేత్తో కట్టి, టైంటేబుల్ ప్రకారం రైళ్లు నడుపుతారు. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియాటుర్ వుండర్‌లాండ్ ఇందుకు ప్రపంచ ప్రసిద్ధం. మన దేశంలో చూడాలంటే పుణెలో జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది.

ఈ ఆటకూ సాఫ్ట్‌వేర్‌కూ చుట్టరికం పాతదే. అమెరికాలోని ఎంఐటీలో విద్యార్థులు 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పెట్టుకున్నారు. అందులో కొందరికి కొండలు, చెట్లు చేయడం ఇష్టం. ఇంకొందరు మాత్రం బల్ల కింద దూరి టెలిఫోన్ రిలేలు, స్విచ్‌లు, వైర్లతో కుస్తీ పట్టేవాళ్లు. ఒక వైరు తీసి ఇంకోచోట పెడితే ఏమవుతుందన్నదే వాళ్ల ధ్యాస. చేసిన పని తెలివిగా ఉంటే దాన్ని ‘హ్యాక్’ అనేవాళ్లు. ఈ రోజు మనం వాడే ‘హ్యాకర్’ అనే మాటకు ప్రాచుర్యం వచ్చింది ఆ క్లబ్ నుంచే. వాళ్లలో కొందరు తర్వాత కంప్యూటర్ల మీద పడ్డారు. 1962లో పీడీపీ-1 కంప్యూటర్ మీద ‘స్పేస్‌వార్’ గేమ్ తయారైంది ఈ బృందం చేతుల్లోనే. ఆ క్లబ్ సభ్యుడు అలన్ కొటోక్ ఆ తర్వాత పీడీపీ-10 కంప్యూటర్‌కు ప్రధాన ఆర్కిటెక్ట్ అయ్యారు.

అది పాత కథ అంటారా? ఇప్పటి పట్టాల్లో ఏం పారుతోందో చూడండి. మామూలు పద్ధతిలో కరెంటు పెంచితే ఆ పట్టాల మీదున్న ఇంజిన్లన్నీ ఒక్కసారే కదులుతాయి. వాటిని వేర్వేరుగా నడపడానికి వచ్చింది డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. ఇందులో కరెంటూ డేటా రెండూ పట్టాల్లోనే వెళ్తాయి. వోల్టేజీ దిశ నిరంతరం తిరగబడుతూ ఉంటుంది. ఒక్కో సగానికి 58 మైక్రోసెకన్లు పడితే అది ‘1’. 100 మైక్రోసెకన్లు, ఆపైన పడితే ‘0’. ఈ బిట్లన్నీ కలిసి ఒక ప్యాకెట్. అందులో ఇంజిన్ అడ్రస్, ఆజ్ఞ, చివర్లో తప్పులు పట్టే బైట్. లెక్క కలవకపోతే ఇంజిన్‌లోని డీకోడర్ ఆ ప్యాకెట్‌ను వదిలేస్తుంది. కమాండ్ స్టేషన్ ఎలాగూ మళ్లీ పంపుతుంది. కమ్యూనికేషన్ పేపర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన ఎర్రర్ డిటెక్షన్ ఇక్కడ కళ్ల ముందు తిరుగుతుంది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఈ ప్రమాణాలను ఎవరైనా చదువుకునేలా నెట్‌లో పెట్టింది.

సీఎస్‌ఈ వాళ్లకూ ఇందులో చోటుంది. జేఎంఆర్‌ఐ అనే ఓపెన్ సోర్స్ జావా సాఫ్ట్‌వేర్‌తో ఈ రైళ్లను కంప్యూటర్ నుంచి నడపొచ్చు, దాని కోడ్ చదవొచ్చు, మార్పులు పంపొచ్చు. దాన్ని రాసినవాళ్లలో ఒకరైన ఫిజిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ జేకబ్సన్, లైసెన్స్ షరతులు పాటించకుండా తమ ఫైళ్లు వాడుకున్నారని కోర్టుకెళ్లారు. ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు మీరితే కాపీరైట్ ఉల్లంఘన కింద దావా వేయొచ్చని 2008లో అమెరికా అప్పీళ్ల కోర్టు చెప్పింది. బొమ్మ రైళ్ల కోడ్ మీద వచ్చిన ఆ తీర్పు ఓపెన్ సోర్స్ ప్రపంచానికే అండ అయింది.

ఇక ఖర్చు సంగతి. దిగుమతి చేసిన ఇంజిన్ ఒక్కటే వేల రూపాయలు. ఫీజులకే అప్పు చేసిన ఇంట్లో ఆ మాట ఎత్తలేం. అక్కర్లేదు కూడా. బ్యాటరీతో నడిచే మామూలు బొమ్మ రైలు, ఒక ఆర్డునో బోర్డు, రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఒక సర్వో మోటారు, కాస్త అట్టముక్క చాలు. రైలు రాగానే మూసుకునే లెవెల్ క్రాసింగ్ గేటు కట్టండి. నలుగురు కలిసి చేస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

‘యూట్యూబ్‌లో ఇలాంటివి బోలెడున్నాయి కదా’ అంటారు. నిజమే. గేటు మూయడం దాకా అందరూ చేస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. రైలు గేటు మధ్యలో ఆగిపోతే? సెన్సర్ వైరు ఊడితే? కరెంటు పోయి వస్తే గేటు తెరిచి ఉండాలా, మూసి ఉండాలా? పాయింటు సరిగ్గా పడి లాక్ అయితే తప్ప సిగ్నల్ ఆకుపచ్చకు మారకూడదన్నది నిజమైన రైల్వేలోనూ మొదటి సూత్రం. దాన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. సికింద్రాబాద్‌లోని ఇరిసెట్ 1957 నుంచి రైల్వే సిబ్బందికి సిగ్నలింగ్ నేర్పుతోంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ను ప్యాసింజర్ రైళ్ల మీద 2016లో మొదట పరీక్షించింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. అక్కడా అడిగేది ఇదే: ఏదైనా పాడైతే, ప్రమాదం లేని వైపు పాడవుతుందా?

ఈ హాబీ ఉద్యోగం తెచ్చిపెడుతుందని హామీ ఇవ్వలేను. కోడింగ్ టెస్టూ, ఆప్టిట్యూడూ తప్పవు. కానీ ఇంటర్వ్యూలో ‘నువ్వేం చేశావ్?’ అన్నప్పుడు, మూడుసార్లు ఎందుకు పనిచేయలేదో, నాలుగోసారి ఏం మార్చారో చెప్పగలిగితే ఆ మాటలో దమ్ముంటుంది. కొనుక్కున్న ప్రాజెక్టుకు అది రాదు. ఈ సెలవుల్లో ఒక మీటరు పట్టా వేయండి. ఏ రోజు ఏది చెడిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. రెజ్యూమెలో హాబీల వరుసకు ఆ నోట్‌బుక్కే సాక్ష్యం.