అలిగే హక్కు

ఆడపిల్లకు కోపం తగదు, మగపిల్లవాడికి ఏడుపు తగదు. వీరులపాడులోనైనా, నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా పిల్లలు ముందుగా వినే సుద్దులివే. మరి ఆ కోపం, ఆ ఏడుపు ఎక్కడికి పోవాలి?

దీనికి ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే ఒక పాత జవాబుంది. సిద్ధేంద్రయోగి పేరున నిలిచిన కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ అలుగుతుంది, సవతి మీద మండిపడుతుంది, విరహాన్ని దాచుకోకుండా కృష్ణుడికి లేఖ రాస్తుంది. ఇంట్లో ‘నోరు ముయ్యి’ అనిపించుకునే మాటలకు రంగం మీద చప్పట్లు మోగాయి.

అయితే తరతరాలుగా ఆ వేషం కట్టింది కూచిపూడి మగవాళ్లే. సత్యభామగా పేరు మోసిన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. మగవాడు నలుగురిలో కన్నీరు పెట్టాలంటే చీర కట్టాలి. ఆడదాని అలక ఊరి ముందుకు రావాలంటే మగగొంతు కావాలి. సంఘం పెట్టిన షరతు అది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. ఆయన దగ్గర ఎందరో ఆడపిల్లలు ఆ నాట్యం నేర్చి, అలకను తమ నోటితోనే పలికారు.

కళ గుండె బరువు దించుతుంది, నిజమే. కానీ తెర దిగాక ఇంట్లో మళ్లీ నోరు కట్టేస్తే ఆ ఊరట ఒక్క రాత్రిదే. అందుకే ఈ సంచికలో మిరప చేలల్లో పాడుకునే పాటల నుంచి నేటి కవిత్వం దాకా, చెప్పుకోనివ్వని మాటలకే చోటిచ్చాం. చదవండి. మీ ఇంట్లో ఎవరి మాట మధ్యలో ఆగిపోయిందో అడగండి. వాళ్లు చెబుతుంటే అడ్డు రాకండి.

— సంపాదకుడు